బలానికి వేసే సూది

ఆటు మీదుంది సముద్రం.

పగడపు గట్టు నల్లగా బయటపడి, ఎండకు కుళ్లు వాసన కొడుతోంది.

సీనివా పుట్టుచెవిటి. సముద్రం ఆమెకు అరికాళ్లలో వినిపిస్తుంది — తోసినట్టు, లాగినట్టు.

ఆస్పత్రి సిమెంటు నేల మీద ఏమీ వినిపించదు.

వరండా బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ల నోళ్లు ఆడుతున్నాయి.

"పెళ్లయి ఇన్నాళ్లయింది. కడుపు పండలేదు దానికి."

"పండితే మాత్రం? బిడ్డ ఏడిస్తే పక్కింటివాళ్లు పోయి లేపాలి దాన్ని."

ఆ నవ్వు ఆమెకు వినబడదు. పళ్లు కనబడతాయి.

ఇదివరకు అమ్మ తీసుకొచ్చేది. రెండు పిడికిళ్లు బిగించి చూపేది — బలానికి. సూది పడేది. బలం ఎటు పోయేదో... నెలనెలా రావలసింది మాత్రం రావడం మానేసింది.

ఇప్పుడు అమ్మ మట్టిలో ఉంది. సీనివా సైగలు మొగుడికీ రావు; తెలిసినవాడు ఇక అన్న ఫెలెతి ఒక్కడే.

టోంగాలో అన్నాచెల్లెళ్లున్న గదిలోకి కొన్ని మాటలు రావు. పక్క మాటలు, కడుపు మాటలు.

లోపలి గదిలో నర్సు అటు తిరిగి సూదిలోకి మందు ఎక్కిస్తోంది. సీనివా అన్నకేసి తిరిగి చేతులు ఊయల చేసింది. పొట్ట చూపించింది.

ఎందుకు లేదు? అడుగు.

ఫెలెతి, అక్కడి మగవాళ్లు మర్యాదకని చుట్టుకునే నడుము చాప సర్దుకున్నాడు. నేల చూశాడు.

"ఏమంటోందయ్యా?"

"నడుం నొప్పట."

"మీ అమ్మ వేయించే మందే ఇది. ఎందుకో తెలుసుగా?"

"నా ముందర చెప్పకు నర్సమ్మా. అమ్మ వేయించిందేగా, వేసెయ్యి."

గుమ్మం దాకా వెళ్లి, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. మర్యాదస్థుడు.

మర్యాద — కిటికీ లేని గది.

నర్సు గొంతు తగ్గించి చెవిటిదానితోనే అంది: "పిల్లలు పుట్టకూడదని మీవాళ్లే అనుకున్నారు. మధ్యలో నాదేముంది?"

నర్సు నిండు నెలల మనిషి. సీనివా ఆ కడుపును చూసింది. సూదిని చూసింది.

నర్సు మణికట్టు పట్టేసుకుంది.

రెండో చెయ్యి నర్సు పొట్ట మీద పెట్టింది. తన పొట్ట మీద పెట్టుకుంది. వేలితో సూదిని చూపించింది.

ఇదా?

నర్సు నోరు తెరిచింది. గుమ్మంలోని వీపును చూసి, మూసేసింది.

తల ఊపితే చాలు. ఊపడానికి మాట అక్కర్లేదు.

ఊపలేదు.

సీనివా వదలలేదు. వేళ్ల కింద ఆ నాడి — తోసినట్టు, లాగినట్టు...