ఫైబర్ పెట్టె మీద బొట్టు

గోడ మీద ఎర్రటి చుక్క.

వెంట్రుకంత సన్నని గాజు ఫైబర్‌లోంచి వచ్చి అక్కడ వాలింది. సెకనును కోటి కోటి ముక్కలు చేస్తే, అందులో పది ముక్కలసేపు బతికే లేజర్ మెరుపులు... ఒకదాని వెనక ఒకటి, ఎడతెగకుండా.

మీట తిప్పి పవర్ పెంచితే చుక్క రంగు మారుతుంది. ఎరుపు... నారింజ... పసుపు.

ఆ చుక్కని చెప్పుచేతల్లోకి తెచ్చుకోడానికి ప్రత్యూషకి అయిదేళ్లు పట్టింది. ఇవాళ పదకొండింటికి పరీక్షకులు యూనివర్సిటీ లాబ్‌కి వస్తారు. వాళ్ల ముందు రంగు మారితే పీహెచ్‌డీ.

పసుపు చాలు. గైడు రమణమూర్తి మీట పక్కన గీత కూడా గీశాడు. అది దాటితే మళ్లీ లాబ్ గుమ్మం తొక్కనివ్వనన్నాడు.

ఆశ ఊరుకుంటుందా! ఆకుపచ్చ కూడా చూడాలనిపించింది. పొద్దున్నే గీత దాటించింది.

చిటుక్!

ఫైబర్ మొన కాలిపోయింది. చుక్క లేదు.

అప్పుడే వచ్చాడు వాళ్ల నాన్న జగన్నాథం. విశ్వకర్మ పూజ కదా — లోకో షెడ్‌లో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్, ఏటేటా ప్రతి ఇంజనుకీ బొట్టు పెట్టిన చెయ్యి, కూతురి మిషన్‌ని వదులుతుందా? సర్కండాలోని ఇంటి నుంచి ఆటో ఎక్కి మరీ వచ్చాడు.

"ఇదీ మిషనే కదేటే అమ్మీ!"

ఫైబర్ ఉన్న పెట్టె మీద కుంకుమ బొట్టు పెట్టి కళ్లకద్దుకున్నాడు. కూతురి నోట్లో బూందీ పెట్టాడు.

మొన కాలిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

పదకొండయింది. స్విచ్ నొక్కారు. గోడ ఖాళీ.

రమణమూర్తి కళ్లు బొట్టు మీద పడ్డాయి.

"ఎవరు పెట్టారిది?"

"నేనే బాబూ," అన్నాడు జగన్నాథం.

"ఇదేమన్నా నీ షెడ్డనుకున్నావా? రేణువు పడితే మొన కాలిపోతుంది! కూతురి అయిదేళ్లూ బుగ్గి చేశావు కదయ్యా. నడు బయటికి!"

జగన్నాథం రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోనాది బాబూ. మా పిల్లని ఏటీ అనకండి. ఇంకో తారీకు ఇవ్వండి."

పరీక్షకులు జాలిపడ్డారు. ఆర్నెల్ల గడువిచ్చారు.

ప్రత్యూష నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు నిలబడింది. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

గుమ్మం దగ్గర ఆయన ఆగాడు.

"నా వల్లే పోనాదేటమ్మీ?"

"ఊఁ," అంది.

రెప్పపాటు కూడా పట్టలేదు.

"అచ్ఛా... అచ్ఛా..."

వెనక్కి వచ్చాడు. చొక్కా అంచుతో బొట్టు తుడిచాడు. తుడిచేకొద్దీ అది పాకింది.

పెట్టె మీద ఎర్రటి మరక... గోడ మీద ఏమీ లేదు.