చొప్ప తడిపిందెవరు

తమ్ముణ్ణి దుప్పటిలో చుట్టి బయటికి మోసుకొస్తుంటే యజమాని అడిగిన మొదటి మాట, "బాయిలర్ బాగానే ఉందా?" అని. చొప్ప మోసే అక్క ఆ మాట చెవులారా విన్నది. ఆమెకి ఏడుపు రాలేదు.

వాళ్లు పనిచేసే కాగితం మిల్లుకి బాయిలర్ కొనేముందు, పొయ్యి మండించే తమ్ముడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "అయ్యా, మనం వేసేది పొలం నుంచి వచ్చిన చొప్ప, చెక్కపేళ్లు. ఉన్నదున్నట్టు తినే బాయిలర్ కావాలి. చొప్ప లోపలికి పోయే గొట్టం వెడల్పుగా ఉండాలి, అడుగున కదిలే ఇనపకమ్ములు ఉండాలి. ఇదేమో పొట్టుని నొక్కి చేసిన ఎండు గుళికల కోసం చేసింది. దీని గొంతు సన్నం."

"ఏదైనా పొయ్యే కదరా!" అన్నాడు యజమాని. జన్మలో పొయ్యి ముందు నిలబడనివాడి పాండిత్యం అది. సన్నగొంతుదే కొన్నాడు. గొట్టం పూడుకున్నప్పుడల్లా తమ్ముడు మూత తీసి గడ్డపారతో పొడిచేవాడు. అలా పొడుస్తుండగానే మంట వెనక్కి తన్నింది.

ఆ రోజే పనివాళ్లు పని మానేసి గేటు ముందు కూర్చున్నారు. పదకొండో రోజున మేనేజరు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"చొప్ప మీద ఎవరో నీళ్లు చల్లారు. అది ముద్దకట్టి గొట్టం పూడింది. చల్లిందెవరో చెప్పి మిగతావాళ్లు పనిలోకి రండి. రేపు అలాంటిదే ఇంకో బాయిలర్ దిగుతోంది."

దుమ్ముకి దగ్గలేక ఆడవాళ్లు రోజుకొకరు వంతు వేసుకుని చొప్ప మీద నీళ్లు చల్లేవారు. తమ్ముడు పోయిన రోజు వంతు అక్కది.

"నేనే సార్," అంటూ లేచింది. "నా తమ్ముణ్ణి నా చేతులతోనే చంపుకున్నా. కానీ దుమ్ముకి చస్తున్నాం, ఏదో ఒకటి చెయ్యండని మూడేళ్లు అడిగాం. చేశారా? వాడు చెప్పిన బాయిలర్ కొన్నారా? తడైనా పొడైనా తినేది కొనుంటే, నా నాలుగు బకెట్ల నీళ్లకి వాడు పోయేవాడా?"

పోలీసు ఆమె రెక్క పట్టుకున్నాడు.

బూడిద ఎత్తే ముసలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "దాన్ని వదులు నాయనా. నీళ్లు చల్లింది నేను."

"కాదు, నేను," అంది పక్కామె. ఏనాడూ బకెట్ ముట్టని మగవాళ్లూ అందుకున్నారు. "నేను!" "నేను చల్లా!" వచ్చిన జీపు ఒక్కటే, చల్లినవాళ్లు రెండొందల మంది.

"ఆ పిల్లాడు చెప్పిన బాయిలర్ దిగేదాకా ఈ గేటులోకి చొప్ప పోచ కూడా పోదు," అని అరిచింది ముసలమ్మ.

అక్క అప్పుడు ఏడ్చింది, పదకొండు రోజుల ఏడుపూ ఒక్కసారే. ఆ రోజు నీళ్లు చల్లింది తనొక్కతే. ఆ సంగతి అక్కడ అరుస్తున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.