అత్తయ్య పేర్చిన చెక్కపళ్ళెం

క్రిస్మస్ పొద్దున నేను మొట్టమొదట చేసిన పని నా కాళ్ళను తిట్టుకోవడం. మంచం మీంచి దింపితే అవి ఎవరివో అన్నట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. డిసెంబరంతా పెద్ద షాపులో చీజ్, మాంసం అమ్మే కౌంటరు వెనక నిలబడ్డాను మరి. జనానికి పండగ వస్తే నాకు హామ్ వస్తుంది. ఆ ఉప్పు పట్టించిన పందిమాంసాన్ని ఇంకా సన్నగా కొయ్యమంటారు, తీరా కోస్తే చిరిగిపోయిందేమిటని ముఖం ముడుస్తారు. ఇంకొందరు అన్నీ రుచి చూసి, మూతి తుడుచుకుని, బిస్కెట్లు కొనుక్కుని పోతారు. అందరికీ నవ్వుతూ సమాధానం చెప్పాలి. చేతులు ఎంత తోమినా పొగబెట్టిన మాంసం వాసన పోదు. రాత్రి తల కింద చెయ్యి పెట్టుకుంటే కౌంటరు కూడా నా పక్కలోకి వచ్చి పడుకున్నట్టుంటుంది.

అలాంటిదాన్ని పండగ పూట కూడా అదే పని చెయ్యాలి. మా అత్తవారింట్లో క్రిస్మస్ అంటే చెక్కపళ్ళెమే.

దాన్ని చేసింది మా మామగారు. ఆయన వడ్రంగి. గుండ్రటి భోజనాల బల్ల ఒకటి చేసి, మిగిలిన చెక్కతో దానికి పిల్లలా ఈ పళ్ళేన్ని చేశారట. దాని మీద మాంసం ముక్కలు, రకరకాల చీజ్, పళ్ళు, గింజలు పేర్చి బల్ల మధ్యలో పెడతాం. చిన్నప్పుడు మా ఆయనా, వాళ్ళక్కా ముక్కల కోసం జుట్లు పట్టుకునేవారట. విసిగిపోయిన మామగారు ఒక పద్ధతి పెట్టారు. ఎవరికి ఇష్టమైనవి వాళ్ళ కుర్చీకి ఎదురుగా పేర్చాలి. పక్కవాళ్ళ భాగంలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. వచ్చే చుట్టాలకైనా అంతే, వాళ్ళ ఇష్టాలు కనుక్కుని వాళ్ళ వైపు పేర్చాల్సిందే. ఆయన పోయాక కూడా ఆ పద్ధతి పోలేదు. పేర్చే పని మాత్రం అత్తయ్యది. నేను కోసివ్వాలి, ఆవిడ పేర్చాలి.

కొన్నేళ్ళుగా అత్తయ్య చేతులు వణుకుతున్నాయి. పేర్చగలదు కానీ చాకు పట్టలేదు, తినేటప్పుడు ముక్క నోటిదాకా వెళ్ళేలోపు ఒళ్ళో పడుతుంది. అందుకని ఆవిడకంటూ వేరే భాగం లేదు. ఎవరు తినిపిస్తారో వాళ్ళ భాగంలోనే ఆవిడ ముక్కలు ఉంటాయి. అంటే నా భాగంలో. పైన పొర తీసేసిన మెత్తని చీజ్, కాగితంలా కోసిన హామ్, అంచులు తీసిన రొట్టె. అవి పెట్టాక నా వైపు మిగిలిన ఖాళీలో నాలుగు ద్రాక్షపళ్ళు పోస్తారు. నాకేం కావాలని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను తినేది వంటింట్లో నిలబడి, కోయగా మిగిలిన చివరి ముక్కలు. షాపులోనూ అంతే. కోత మిషను పట్టుకోలేని ఆఖరి ముక్కలే మా పనివాళ్ళ భోజనం.

ఆ రోజు నాకు కావాల్సింది ఒక్కటే. మా వదిన, అంటే మా ఆయన అక్క, అత్తయ్యను తనతో తీసుకెళ్ళాలి. శాశ్వతంగా కాదు. కొన్ని నెలలు. నా కాళ్ళలో నరాలు తాళ్ళలా ఉబ్బిపోయాయి. ఇలాగే నిలబడుతూ పోతే మంచాన పడతావని డాక్టరు గట్టిగా చెప్పింది. పగలు కౌంటరు, రాత్రి అత్తయ్య. ఆవిడ బాత్రూమ్‌కి లేచిన ప్రతిసారీ నేనూ లేవాలి. లేవకపోతే పడిపోతుంది, ఒకసారి పడింది కూడా. తెల్లవారేసరికి నా ఒళ్ళు హూనమైపోతుంది. ఆవిడంటే నాకు ఇష్టం లేక కాదు. అయితే ఇష్టం వేరు, ఓపిక వేరు. నాకు ఇష్టం ఉంది, ఓపిక అయిపోయింది.

మా ఆయన అడుగుతానన్నాడు. "తిన్నాక అడుగుతాలే, కడుపు నిండితే అక్క మెత్తబడుతుంది" అన్నాడు. ఈ మాటలన్నీ వంటింట్లోనే అనుకున్నాం, అత్తయ్య చెవి మిషను తీసి డబ్బాలో పెట్టాక. మా ఆయన గుసగుస పక్కింటివాళ్ళకి కూడా వినిపిస్తుంది కానీ, మిషను లేకపోతే అత్తయ్యకు ఉరుము కూడా వినపడదు.

పొద్దున్నే అత్తయ్యను బల్ల దగ్గర కూర్చోబెట్టి, పళ్ళెం ముందు పెట్టి, నేను కోయడం మొదలుపెట్టాను. మా ఆయనకి కారం సలామీ మాంసం బిళ్ళలు, పుల్ల దోసకాయలు. వదిన భర్తకి నీలిచారల చీజ్, అక్రోటు గింజలు. ఆ చీజ్ వాసన ఆయన తప్ప ఇంకెవరూ భరించలేరు. వదినకి కొవ్వు లేని హామ్, అంజీర పళ్ళు. అత్తయ్య ఒక్కో ముక్కనీ వణికే వేళ్ళతో మడిచి పెట్టి, జారిపోతే మళ్ళీ మడుస్తోంది. చూస్తుంటే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"నేను పెట్టేస్తాను అత్తయ్యా, వాళ్ళొచ్చే టైమైంది."

"నువ్వు పెడితే షాపులా ఉంటుంది. నేను పెడితే ఇల్లులా ఉంటుంది. నువ్వు కొయ్యి."

కోస్తూ, నిలబడ్డచోటే గట్టి చీజ్ చివరి ముక్క ఒకటి నోట్లో వేసుకోబోయాను.

"అది తినకు, ఇటియ్యి" అంది అత్తయ్య. "ఆ హామ్ మాడిన అంచులు కూడా. ఏదీ పారెయ్యకు."

నాకు చిరాకేసింది. పండగ పూట కూడా పొదుపేనా అనుకున్నాను. ఆ చివరి ముక్కలన్నీ గిన్నెలో వేసి ఆవిడ పక్కన పెట్టాను.

"పోయి కాసేపు నడుం వాల్చు. కాళ్ళు చూడు, ఎలా ఉన్నాయో" అంది.

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఏడ్చేసేదాన్ని. ఆవిడను పంపించెయ్యాలని చూస్తూ ఆవిడ ఇచ్చిన విశ్రాంతి తీసుకోవాలంటే సిగ్గేసింది. అయినా వెళ్ళి పడుకున్నాను. సిగ్గు ఉన్నంత మాత్రాన కాళ్ళు పీకడం ఆగదు కదా.

బెల్లు మోగితే లేచాను. అప్పటికే అత్తయ్య పేర్చడం పూర్తిచేసి పళ్ళెం మీద తడిబట్ట కప్పేసింది. గాలి తగిలితే చీజ్ ఎండిపోతుంది కాబట్టి అందరూ కూర్చునేదాకా ఆ బట్ట తీయం.

వదిన రాగానే తన పని మొదలుపెట్టింది. మా ఆయన ఆవిడను వెనకాల ఇన్‌స్పెక్టర్ అంటాడు. కిటికీ అంచు మీద వేలు పెట్టి దుమ్ము చూసింది. తల్లి మెడ దగ్గర కాలరు సరిచేసింది. "అమ్మ చిక్కిపోయింది" అంది నావైపు చూసి.

"పోయినసారి లావైందన్నారు వదినా" అన్నాను.

వదిన భర్త చటుక్కున కోటు తగిలించడానికి కొక్కెం వెతుక్కున్నాడు. ఆయన మంచివాడు. తేలు కుట్టినా మాట్లాడని రకం.

అందరం కూర్చున్నాం. నేను కూర్చోవడమంటే కుర్చీ అంచు మీద ఆనడమే. ఏదో ఒకటి తేవడానికి లేస్తూనే ఉంటాను. అత్తయ్య ఎప్పటిలాగే నాకూ వదినకీ మధ్యలో కూర్చుంది. నేను మా ఆయనకేసి చూశాను. ఆయన రొట్టె కోస్తున్నాడు, అదేదో ఆపరేషన్ అయినట్టు తల ఎత్తకుండా.

పెద్ద ఆడపడుచు కాబట్టి బట్ట తీయడం వదిన వంతు. తీసింది.

అబద్ధమెందుకు, పళ్ళెం బాగుంది. షాపులో నేను రోజూ పేర్చేవాటికన్నా బాగుంది. కాస్త వంకరగా, కాస్త కిక్కిరిసి. మా ఆయన ముందు సలామీ, వదిన భర్త ముందు ఆ కంపు చీజ్, వదిన ముందు హామ్, అంజీర. అంతా మామూలే. ఒక్కటి తప్ప.

పొర తీసిన మెత్తని చీజ్, కాగితంలాంటి హామ్, అంచుల్లేని రొట్టె వదిన భాగంలో ఉన్నాయి.

పొరపాటు కాదని తెలుసు. ఆవిడ చేతులు వణుకుతాయి కానీ పొరపాటు చెయ్యవు.

"ఇదేంటి, అమ్మవి ఇటొచ్చాయి?" అంది వదిన. చాకు అంచుతో వాటన్నిటినీ నావైపు నెట్టడం మొదలుపెట్టింది. మెత్తని చీజ్ చెక్క మీద తెల్లగా చార గీసుకుంటూ జరిగింది. మామగారి పద్ధతి పుట్టాక ఆ పళ్ళెం మీద ఎవరి ముక్కలూ ఎవరూ నెట్టలేదు.

అడగకుండానే సమాధానం వచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయనకేసి చూశాను. ఇంకో రొట్టె ముక్క కోశాడు. అప్పటికే ఊరికి సరిపడా కోశాడు.

"అక్కడే ఉంచు" అంది అత్తయ్య.

వదిన చాకు ఆగింది.

"నేనే పెట్టాను. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంటాను. ఇవాళ్టినుంచి నువ్వే తినిపించు, ఇద్దరికీ అలవాటవుతుంది."

వదిన తమ్ముడివైపు తిరిగింది.

"నువ్వు చెప్పించావా?"

"లేదక్కా... నేను తిన్నాక అడుగుదామని..." అని నోరు జారి, నాలుక కరుచుకున్నాడు.

"అంటే మీరిద్దరూ అనుకున్నదేనన్నమాట!"

"మాకు చెప్పకుండా అత్తయ్యే..." అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. ఆవిడవైపు తిరిగాను. "మీకెలా తెలిసింది అత్తయ్యా? మిషను తీసేశాకే కదా..."

"మిషను తీస్తే చెవులు పోతాయి కానీ కళ్ళు పోవు కదమ్మాయ్. వంటింట్లో మీరిద్దరూ మాట్లాడుకుని, ఒకేసారి నావైపు చూసేవారు. రోజూ చూస్తే తెలియదూ? నీ కాళ్ళూ చూస్తున్నాను, నన్ను పంపాలంటే కూతురిల్లే కదా ఉంది."

వదిన గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. "అది కాదమ్మా, మాది మేడ మీద ఇల్లు. నువ్వు మెట్లు ఎలా ఎక్కుతావు?"

"ఎలాగోలా ఎక్కిస్తారు. ఎక్కాక దిగను. ఇంక బెంగేముంది?"

"నేను ఆఫీసుకెళ్తే పగలు ఎవరుంటారు?"

"నేనుంటాను" అన్నాడు వదిన భర్త. అక్రోటు నములుతూ, మామూలుగా. "రిటైరయ్యాను కదా. ఇంట్లోనే ఉంటున్నాను."

వదిన ఆయన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. తల్లి మాత్రం ఎవరినీ బతిమాలడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆకలేసిన మనిషిలా పళ్ళెంకేసి చూస్తోంది. అంతే.

వదిన ఓ నిట్టూర్పు విడిచి, తను నెట్టినవన్నీ చాకుతో మళ్ళీ తన వైపు లాక్కుంది. "కొన్నాళ్ళంటే కొన్నాళ్ళే" అంది. ఎవరితో అందో తెలీదు.

చీజ్ కోసి రొట్టె మీద పెట్టి తల్లి నోటి దగ్గర పట్టుకుంది. ముక్క మరీ పెద్దది.

"అందులో సగం వదినా" అన్నాను. "మింగాక కాస్త ఆగాలి. తొందరపెడితే పొరపోతుంది."

"సగమా?" అంది వదిన. ఆ ఒక్క మాటలో ఇన్‌స్పెక్టర్ లేదు.

"సగం."

నేను లేవబోయాను, నీళ్ళు తేవాలని. అత్తయ్య తల తిప్పకుండానే నా మణికట్టు పట్టుకుంది.

"కూర్చో. నీ భాగం చూశావా?"

చూడలేదు. నా వైపు ఎప్పుడూ చూసేదేం ఉండదు కాబట్టి చూడలేదు. అత్తయ్య ముక్కలు ఉండే చోట గట్టి చీజ్ చివరి ముక్కలు, హామ్ మాడిన అంచులు పేర్చి ఉన్నాయి. పొద్దున నా నోటి దగ్గరనుంచి లాక్కున్నవే. వదినకి పెట్టినంత జాగ్రత్తగా మడిచి, మధ్యలో రెండు అంజీర పళ్ళు కోసి పెట్టింది. కోసిన తీరు అడ్డదిడ్డంగా ఉంది. చాకు పట్టలేని చేత్తో ఎంతసేపు కోసిందో.

"నీకిష్టమైనవి అవే కదా. రోజూ నిలబడి తింటావు. ఇవాళ కూర్చుని తిను" అంది.

కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాను. వీపు ఆనించాను. ఆ కుర్చీకి ఆనుకునే చెక్క ఉందని ఆ రోజే తెలిసినట్టనిపించింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. గట్టిగా, ఉప్పగా ఉంది, నాకు నచ్చినట్టే ఉంది. నేను కోరుకున్నది నాకు దక్కింది. దాన్ని ఆవిడే తెచ్చి నా ముందు పెట్టింది. హాయిగా ఉంది, ఏడుపూ వస్తోంది, దేన్ని ఆపుకోవాలో తెలియలేదు.

వదిన రెండో ముక్క కోసింది. ఈసారి చిన్నదే. ఇన్నేళ్ళూ నావైపు తిరిగి నోరు తెరిచిన అత్తయ్య, అటు తిరిగి నోరు తెరిచింది. గడ్డం మీద రొట్టె పొడి రాలింది. వదిన చూసుకోలేదు. తుడవడానికి నా చెయ్యి లేచింది. దాన్ని పట్టి కిందికి దించి, ఒళ్ళో పెట్టుకుని, అక్కడే కూర్చున్నాను.