పడవ ఆయిలు కారుకి వద్దన్నాను

తప్పులుంటే సర్దుకుని చదవండి. యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులు ఇంకా జారిపోతుంటాయి. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

నా కూతురు హేమ కారు నడుపుతుంది. ఆమదాలవలస స్టేషనులో దిగినవాళ్లను శ్రీకూర్మం దర్శనానికి తిప్పుతుంది. మా ఇద్దరి తిండీ ఆ కారు మీదే. అది టర్బో ఉన్న పెట్రోలు బండి. పెట్రోలు నేరుగా మండే చోటికే చిమ్ముతుందట. ఇంజను చిన్నదే గానీ బలం ఎక్కువ, వేడీ ఎక్కువే.

ఆ రోజు ఆయిలు మార్చాలి. నా పెనిమిటి అన్న కూర్మయ్య బావ ముప్పై ఏళ్లుగా పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. మా పేటలో ఏ ఇంజనుకైనా ఆయన చెయ్యి పడాల్సిందే. కారులో పాత ఆయిలు దించేసి, పడవలకు పోసే డీజిలు ఆయిలు డబ్బా తెచ్చాడు. రెండు వేళ్ల మధ్య రాసి చూపించాడు.

"సూడు గున్నమ్మా, ఎలా సాగతన్నాదో! ఆయిలంటే ఇలాగుండాల."

మా వాళ్లంతా ఇంతే. బైకులోనూ అదే, నీళ్ల ఇంజనులోనూ అదే. చిక్కగా ఉంటే మంచిదని నమ్మకం.

నేను కారుతో వచ్చిన పుస్తకం తెచ్చి, హేమ నేర్పిన ఇంగ్లీషు అక్షరాలు వేలు పెట్టి చదివాను. ఆయిలు చిక్కదనం ఐదు డబ్ల్యూ ముప్పై, రకం ఎస్పీ. బావ డబ్బా మీద పదిహేను డబ్ల్యూ నలభై అని ఉంది. ఎస్పీ ఎక్కడా లేదు.

"ఇది వద్దు బావా."

"ఏటీ? నాలుగచ్చరాలు రాగానే నాకే పాఠం సెప్తన్నావా?"

"నా మాట కాదు. హేమ కార్లు బాగుచేసే షెడ్డులో అడిగొచ్చింది. పడవ ఆయిల్లో మసి కడిగే మందు ఎక్కువట. దాంతో ఈ ఇంజను నెమ్మదిగా పోతా బరువు లాగినప్పుడు, పెట్రోలు ముందే అంటుకుని పిస్టను పగిలిపోద్దట."

"నా పడవల్లో ఏనాడైనా పగిలిందేటి?"

"నీ పడవలకి టర్బో ఉన్నాదేటి?"

హేమ నన్ను పక్కకి లాగింది. "పెద్దయ్యతో గొడవెందుకే అమ్మా? తెల్లారితే బేరం ఉన్నాది. ఈ ఒక్కసారికీ పోసేద్దాం."

"ఆ ఒక్కసారికే ఇంజను పోతే ఏటి తింటాం?"

చీర మార్చుకుని ఆటో ఎక్కి శ్రీకాకుళం పోయాను. మొదటి కొట్లో ఐదు డబ్ల్యూ ముప్పై ఇచ్చారు గానీ అది పాత రకం, ఎస్ఎల్.

"రెండూ ఒకటేనమ్మా, పట్టుకెళ్లు," అన్నాడు కొట్టాయన.

"ఒకటే అయితే రెండు పేర్లెందుకెట్టారు బాబూ?"

రెండో కొట్లో లేనే లేదు. మూడో కొట్లో డబ్బా తిప్పి తిప్పి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పుస్తకంతో సరిచూసుకున్నాను. వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. నవ్వుకోనీ. అంతా కలిశాకే డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

"నీకు తెలిసిందిగా, నువ్వే పోసుకో," అని బావ అటు తిరిగి కూర్చున్నాడు.

నేనే పోశాను. చుక్క కింద పడలేదు. హేమ కొలత పుల్ల తీసి, రెండు గీతల మధ్యకి వచ్చాక ఆపమంది. ఇంజను వేస్తే ఆయిలు గుర్తున్న ఎర్ర దీపం వెలిగి, అంతా సరిగ్గా ఉన్నట్టు ఆరిపోయింది. తెల్లారి హేమ బేరానికి వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చింది.

ఇది జరిగి ఏడు నెలలు. బావ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నాడు. ఉండనీ. కారు రోజూ స్టేషనుకి పోతోంది. మొన్న మళ్లీ ఆయిలు మార్చే వేళయితే, ఆయన్ని పిలవకుండా హేమా నేనూ మార్చేశాం.

మైలపల్లి గున్నమ్మ, యాభై ఏడేళ్లు. ఇప్పుడు ఉండేది బందరువానిపేట, శ్రీకాకుళం జిల్లా.