గేరుకు మంచి చెయ్యి

గేరు పట్టేసినప్పుడల్లా కారు దిగాల్సింది కమలాక్షే. స్టీరింగు పక్కనే గేరు కర్ర ఉండే పాత కారు అది. ఒక గేరు నుంచి ఇంకో గేరుకు పోతూ పోతూ నడుమ బిగుసుకుంటుంది. భర్త ఆదినారాయణ కర్రను అటూ ఇటూ గుంజి, విసుక్కుని, ఆమె వైపు చూడకుండానే "దిగు" అంటాడు. ఆమె సీటు కింద దోపిన పాత చీరపేలిక తీసుకుని దిగుతుంది. బానెట్టెత్తి, స్టీరింగు రాడ్డు మొదట్లో ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు ఇనుప రెక్కల్లో కిందిదాన్ని పట్టి, రెండూ సమానంగా నిలిచేదాకా కదిలిస్తుంది. టక్కుమంటుంది. అంతే. ఎంత పేలిక చుట్టుకున్నా గోళ్ళ సందుల్లో గ్రీజు మిగులుతుంది. పెళ్ళిళ్ళకు పోయినప్పుడు ఆ చేతులను కొంగులో దాచుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఒంటరిగా పోయేటప్పుడు పట్టేస్తే ఆదినారాయణ దారినపోయే లారీ డ్రైవరును పిలుస్తాడు గానీ బానెట్టు మీద చెయ్యి పెట్టడు. వెనక సీట్లో కూర్చున్న అత్త సుబ్బలక్ష్మమ్మ మాత్రం ప్రతిసారీ మెచ్చుకుంటుంది. గేరుకు మా కోడలి చెయ్యి మంచిది అని.

తాళానికి మాత్రం ఆ చెయ్యి మంచిది కాదట. కమలాక్షి తిప్పితే కారు స్టార్టు కాదు. ఆదినారాయణ తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంటుంది. మొదట్లో అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. పోను పోను పుంగనూరులో ఆ వీధంతటికీ తెలిసిపోయింది. నీళ్ళకొచ్చిన బయ్యమ్మ సైతం, కొందరి చేతికి కొన్ని పలకవులేమ్మా అని ఓదార్చింది. పుట్టినూరు రామకుప్పంలో రాగిచేను మీద ఏనుగులు పడినప్పుడు తండ్రి పక్కన ట్రాక్టరెక్కి, హారను కొడుతూ గట్టు పొడవునా తోలిన చెయ్యి అది. లైసెన్సు కూడా తీసుకుంది. ఆ చేతికి ఈ కారు యాల పలకదో ఆమెకు అంతుపట్టలేదు.

నవ్వులాట నవ్వులాటగా ఉండగానే అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా ఆమెకు ఉత్తర్వు వచ్చింది. కుప్పం పక్క పల్లెలు. సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆ పల్లెలకు బస్సులు అంతంతమాత్రం. వారమంతా పుట్టింట్లో ఉండి కారులో తిరగాలని ఆమె లెక్క. ఆదినారాయణ కాదనలేదు. అదే ఆమెకు వింతగా తోచింది. కూర కుదరకపోతే కంచం తోసేసే మనిషి, కమలాక్షి తండ్రి గంగులప్ప ముందర ఎంతో నిదానంగా మాట్లాడాడు.

"నేను వద్దంటినా మామా? కారు తీసకపొమ్మనే చెప్తాండా. అది దాని చేతికి స్టార్టు కాకపోతే నేనేం చేసేది?"

గంగులప్ప అల్లుడి మంచితనానికి తల ఊపాడు. తల ఊపని మనిషి కమలాక్షి ఒక్కతే.

శనివారం పొద్దున అతను మార్కెట్టు పని మీద బస్సులో మదనపల్లెకు పోయాక ఆమె కారు దగ్గరికి వెళ్ళింది. హారను మోగింది, లైట్లు తెల్లగా వెలిగాయి. బ్యాటరీది తప్పు కాదు. తాళం తిప్పితే ఇంజను బలంగానే తిరిగింది గానీ అందుకోలేదు. పెట్రోలు వాసన గుప్పుమంది. అదీ వస్తూనే ఉంది. ఇక మిగిలింది ప్లగ్గుకు పోయే కరెంటు. అత్తను బతిమాలి సీట్లో కూర్చోబెట్టి, తాళం తిప్పమని, తాను ప్లగ్గు వైరు ఊడదీసి ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకుంది. నిప్పురవ్వ పడలేదు. "నా చేతికీ పలకలేదే, పాడు బండి" అంటూ అత్త దిగిపోయింది.

ఆ మాట కమలాక్షి మనసులో ముల్లులా నిలిచింది. అయితే ఇది తన చెయ్యి ఒక్కదానిదే కాదు. మరి అతని చేతిలో ఏముంది? సాయంత్రం అతను రాగానే, ఒకసారి స్టార్టు చేసి చూపించమని అడిగి, వాకిట్లో బియ్యం చెరుగుతున్నట్టు కూర్చుని చూసింది. అతను ఎక్కాడు, తలుపు వేశాడు. వంగి కాళ్ళ కింది పట్టా సర్దాడు. తాళం తిప్పాడు. కారు అందుకుంది. "సూడు," అన్నాడు. చేట ఆమె చేతిలోనే ఆగిపోయింది. స్నానం చేసి తువ్వాలు పడినచోటే వదిలే మనిషి అతను. పడుకున్న చాప ఏనాడూ చుట్టినవాడు కాదు, తిన్న కంచం తీసినవాడు కాదు. ఆ మనిషి కారెక్కిన ప్రతిసారీ పట్టా యాల సర్దుతాడు? దిగే ముందు కూడా వంగుతాడని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పు సరిచేసుకుంటాడనుకుంది ఇన్నాళ్ళూ.

మరునాడు అతను సెలూనుకు పోయినప్పుడు ఆమె పట్టా ఎత్తింది. సీటు అంచు కింద, మంచం లైటుకు పెట్టుకునేలాంటి చిన్న నల్ల స్విచ్చి. నొక్కి తాళం తిప్పింది. కారు అందుకుంది. ఆమెకు సంతోషం కలగలేదు. ఆపేసి, స్విచ్చి ఎట్లా ఉన్నదో అట్లాగే పెట్టి, పట్టా కప్పి, వంటింట్లోకి వచ్చి కూర్చుంది. పొయ్యి మీద పప్పు పొంగి కారుతున్నా లేవబుద్ధి కాలేదు. కారు సంగతి సరే, మిగతావో? ఊరివాళ్ళ జాకెట్లు కుట్టడం మొదలుపెట్టిన నెలలోనే కుట్టుమిషను బెల్టు మాటిమాటికీ తెగడం, గడువు దాటిపోయాక చేతికొచ్చిన టీచరు ఇంటర్వ్యూ కార్డు, పుట్టింటికి పోవాలన్నప్పుడల్లా అత్తకు వచ్చే కాళ్ళనొప్పి. అన్నింటికీ నీ రాత, నీ చెయ్యి అన్నారు. నమ్మింది. ఒక్కొక్కదాన్నీ మళ్ళీ ఎత్తి కింద ఏముందో చూడాలనిపించింది. వాటిలో ఏది నిజంగా చెడిపోయిందో, ఏది ఎవరు ఆపారో ఇప్పుడెట్లా తెలుస్తుంది?

సోమవారం పొద్దున్నే గంగులప్ప సంచితో వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. బయ్యమ్మ బిందె దించి నిలబడింది. ఆదినారాయణ ఉతికిన తెల్లచొక్కా తొడిగి, అందరూ చూస్తుండగా తాళం అందించాడు.

"తీసుకో. నీ బండే అనుకో."

కమలాక్షి ఎక్కింది. తలుపు వేసింది. వంగి పట్టా సర్దింది.

కారు ఒక్క తిప్పుకే అందుకుంది. బయ్యమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆదినారాయణ కిటికీ దగ్గరికి వచ్చి, మామకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"అది దొంగ స్విచ్చి. దొంగలు ఎత్తకపోకుండా అందరూ పెట్టించుకొనేదే."

"ఈ వీధిలో బండి తోలేది వచ్చినోళ్ళు ఇద్దరే కదా. నువ్వు దొంగవి కాదు."

ఆమె క్లచ్చి తొక్కి గేరు కర్ర లాగింది. కర్ర సగంలో బిగుసుకుంది. అతని ముఖంలో చిన్న వెలుగు కదిలింది. ఆమె దిగుతుందని తలుపుకు దారి ఇచ్చి పక్కకు జరిగాడు కూడా. కమలాక్షి దిగలేదు. సీటు కింది చీరపేలిక తీసి కిటికీలోంచి చాపింది.

"బానెట్టు ఎత్తు."

పేలిక వంక, మామ వంక, బయ్యమ్మ వంక చూశాడు. నీ బండే అని తాను అన్నది అందరి ముందరే. తీసుకున్నాడు. బానెట్టు లేచాక అతని ముఖం కనపడలేదు. చాలాసేపు ఇనుము తడుముతున్న చప్పుడే వినిపించింది. తెల్లచొక్కా చేతికి నల్లగా గ్రీజు అంటింది.

"ఏదే?" అన్నాడు అవతలి నుంచి. ఆ గొంతులో పెత్తనం లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా దిగి చూడని మనిషి అడగాల్సిన మాట అది.

"కిందిది. మెల్లగా కదిలించు."

లోపల టక్కుమంది. గేరు కర్ర ఆమె చేతిలో మెత్తగా సర్దుకుంది. బానెట్టు దించి పక్కకు తొలగిన మొగుడి వైపు చూసి, "ఫర్వాలేదే, గేరుకు నీ చెయ్యి మంచిదే" అని, కమలాక్షి కారును కుప్పం వైపు పోయే గంగవరం దారికి తిప్పింది.