ఎడమవైపు గుండీ

మెత్తటి గుడ్డను చూపుడువేలికి చుట్టుకుని రోస్విత కెమెరా కిటికీ తుడుస్తోంది. కిటికీ అంటే గోరంత గాజు. ఈ రకం కెమెరాల్లో లెన్సులోంచి చూడరు, పైమూలనున్న ఆ కిటికీలోంచి చూస్తారు. ఎదుట ఉన్న మనిషి పక్కనే పలచగా ఇంకో మనిషి కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పితే ఆ రెండోవాడు మెల్లగా జరిగి మొదటివాడిలో కలిసిపోతాడు. అప్పుడు నొక్కాలి. రీలు వేసే పాతవాటికైనా, రీలు లేని కొత్తవాటికైనా అదే పద్ధతి. వయసులో ఉండగా కెమెరాల ఫ్యాక్టరీలోనూ, ఆ తర్వాత వాటిని అమ్మే ఈ కొట్లోనూ, రోస్విత బతుకంతా ఆ రెండు బొమ్మల్నీ ఒకటి చేయడంతోనే గడిచింది. అయినా ఆ పలచటి మనిషిని చూస్తే ఆమెకు ఇప్పటికీ గుండె జారుతుంది. కలవకుండా అటే వెళ్ళిపోతే ఏమిటని.

జర్మనీలోని ఈ వెట్స్‌లార్ ఊళ్ళో నవంబరు మంచు నది మీంచి లేచి సందుల్లోకి పాకిందంటే మధ్యాహ్నానికి గాని పోదు. ఇవాళ మధ్యాహ్నమైనా పోలేదు. వీధి అవతలి గోడ కూడా కనిపించడం లేదు.

బల్లకు అవతల మెర్టెన్స్ అనే ముసలాయన పొద్దుటినుంచీ రెండు కెమెరాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి రీలుది, ఒకటి డిజిటల్‌ది. పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

"మీరైతే ఏది తీసుకుంటారమ్మా?"

"నన్నడక్కండి. తప్పు చెప్పానంటే నాకు నిద్ర పట్టదు."

"రీలుదే చేతికి హాయిగా ఉంది. కానీ కడిగించాలి, వారం ఆగాలి. ఈ వయసులో నాకు వారం అప్పు ఎవరిస్తారు?"

కొట్టు యజమాని హార్ట్‌విగ్ లోపలినుంచి నవ్వాడు. "పైగా రీలుది కొంటే ఈవిడ పాఠం వినాలి సార్. ఎడమవైపు గుండీ పాఠం. వినకుండా ఎవరినీ గుమ్మం దాటనివ్వదు."

రోస్విత నవ్వలేదు. పాఠం చిన్నదే. రీలు వేసి అడుగుమూత బిగించాక, కుడివైపు మీట తిప్పినప్పుడల్లా, రీలును వెనక్కి చుట్టే ఎడమవైపు గుండీ తనంతట తాను తిరగాలి. తిరిగితే లోపల రీలు నడుస్తున్నట్టు. తిరగకపోతే రీలు కొస ఇరుసుకు పట్టుకోలేదన్నమాట. అప్పుడు కూడా షట్టర్ చప్పుడవుతుంది, పైన అంకెలు మారుతూనే ఉంటాయి, అన్నీ సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. బొమ్మ మాత్రం ఒక్కటీ పడదు. కూతురి బాప్తిస్మం అంతా అలా తీసుకొచ్చినాయన ఈ బల్ల మీదే తల పెట్టుకుని ఏడ్చాడు.

మెర్టెన్స్ చివరికి డిజిటల్‌దే తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ రీలు కెమెరాను ఒకసారి నిమిరాడు, ఊరెళ్ళేవాళ్ళు పెంపుడు కుక్కను నిమిరినట్టు.

"మీ అక్కయ్యగారిని తీయాలన్నారుగా," అంటూ హార్ట్‌విగ్ ఇంకో డిజిటల్ కెమెరాను ఆమె సంచిలో పెట్టాడు. "ఇది పట్టుకెళ్ళండి. రేపు తెచ్చివ్వండి."

సంచిలో అప్పటికే ఆమె సొంత రీలు కెమెరా ఉంది.

అక్క ఎల్ఫ్రీడెకు ఇరవయ్యో ఏట జ్వరం వచ్చి, తగ్గేటప్పుడు మూతిని ఎడమవైపుకు జార్చి పోయింది. అప్పటినుంచీ ఆమె ఫోటో లేదు. అంతకుముందువి కూడా లేవు. కుట్టుపని చేసే మనిషి, కత్తెర ఎప్పుడూ చేతిలోనే ఉండేది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత ఫోటోలో అమ్మ, నాన్న, చిన్న రోస్విత, వాళ్ళ మధ్య చక్కగా కత్తిరించిన ఒక ఖాళీ ఉన్నాయి. ఇప్పుడు కడుపులో క్యాన్సర్. రేపు పొద్దున్నే, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే ఇంటికి తీసుకెళ్తారు. అక్క పోయాక అక్క ముఖం గుర్తుండదేమోనని రోస్వితకు భయం. ఆ ఫోటో లేకపోతే అమ్మ ముఖం కూడా ఈపాటికి కరిగిపోయేదే.

భోజనాల వేళ వెనకగదిలో రొట్టె పక్కన పెట్టి, తన కెమెరా అడుగుమూత విప్పి, రీలు కొసను ఇరుసులోకి దూర్చింది. అంతలో ఫోను మోగింది. నర్సు.

"గది ఖాళీ అయిందమ్మా. రేపు కాదు, ఇవాళే. బండి నాలుగింటికి వస్తుంది."

గది ఎలా ఖాళీ అయిందో రోస్విత అడగలేదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని, అడుగుమూత బిగించి, కెమెరా సంచిలో వేసుకుని, కోటు తగిలించుకుంది. రొట్టె అక్కడే ఉండిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి ఎల్ఫ్రీడె వంటింటి కిటికీ దగ్గర నీలం జాకెట్టు తొడుక్కుని, తల దువ్వుకుని కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర చిన్న పెట్టె.

"ఏమే రోసీ, ఈవేళప్పుడొచ్చావు? కొట్లోంచి గెంటేశాడా?"

"బండి ఇవాళే వస్తుందట అక్కా."

"తెలుసు. నాకే ముందు చెప్పారు. పోయేదాన్ని నేనైతే నిన్నెందుకడుగుతారు?"

రోస్విత సంచి బల్ల మీద పెట్టింది. రెండు కెమెరాలూ లోపల ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేశాయి. డిజిటల్‌దైతే నొక్కగానే వెనక బొమ్మ వెలుగుతుంది, ఉందో లేదో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. కానీ అక్కకూ తెలుస్తుంది. పోయిన నెల పక్కింటావిడ ఫోనులో ముచ్చటపడి తీస్తే, ఎల్ఫ్రీడె ఆవిడ చెయ్యి పట్టుకుని చూసి, 'చెరిపెయ్యి' అంది. చెరిపేదాకా చెయ్యి వదల్లేదు.

రోస్విత చెయ్యి సంచిలో రెండింటి మధ్యా కాసేపు ఆగి, రీలుదాన్ని పట్టుకుంది.

"నీది ఒక ఫోటో తీస్తానక్కా."

"తీసి చూపించు. చెరిపించుకుంటాను."

"ఇందులో చూపించడానికేం ఉండదు. కడిగించాలి. వారం పడుతుంది."

ఎల్ఫ్రీడె మంచులోకి చూసింది. కదిలే పక్క పెదవితో నవ్వింది. "వారమా? అయితే తియ్యి. నేను చూడక్కర్లేదన్నమాట."

కెమెరా కిటికీలో అక్క పక్కన పలచగా ఇంకో అక్క కనిపించింది. రోస్విత వలయం తిప్పింది. దగ్గరికి వచ్చింది, కలిసింది. వేలు జారి మళ్ళీ విడిపోయింది. మళ్ళీ కలిపింది. క్లిక్. మీట బొటనవేలికి బరువే తెలియకుండా తిరిగింది. ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదే అనిపించింది. కన్ను తీస్తే అక్క మనసు మారుతుందని తీయలేదు. క్లిక్. క్లిక్.

"కుట్టుమిషన్‌లా కొడుతున్నావే," అంది ఎల్ఫ్రీడె. తర్వాత, ఎవరూ అడగకుండానే, జారిపోయిన ఎడమ మూతిని వెలుతురు వైపుకు తిప్పింది. "ఈ పక్క కూడా తియ్యి. ఇదీ నాదే కదా."

రోస్వితకు కిటికీ మసకబారింది. కళ్ళు తుడుచుకోకుండానే తీసింది. కింద గంట మోగేదాకా తీస్తూనే ఉంది.

బండివాళ్ళు ఎల్ఫ్రీడెను కుర్చీలోనే మెట్లు దించారు. రెండో మలుపు దగ్గర ఆమె తల ఎత్తి, "పొయ్యి మీద పాలు పెట్టాను, చూడు," అంది. బండి తలుపు పడింది. నాలుగు ఇళ్ళు దాటకముందే మంచు దాన్ని మింగేసింది. రోస్విత పైకి వచ్చి పాలు దించింది.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే ఫోను వచ్చింది. నిద్రలోనే, నొప్పి లేకుండా, అన్నారు.

ఆమె కొట్టుకు వెళ్ళి డిజిటల్ కెమెరాను తిరిగిచ్చింది. విషయం విని హార్ట్‌విగ్ టోపీ తీసి నిలబడ్డాడు. "తీశారా?"

"నా దాంతో తీశాను."

"రీలు ఇటివ్వండి. ఇవాళే కడిగించి పెడతాను."

ఎడమవైపు గుండీ చూశారా అని అతను అడగలేదు. ఆ పాఠం చెప్పేది ఆమే కదా. ఆమె మాత్రం అక్కడే, బల్ల అంచు పట్టుకుని, నిన్నటి మధ్యాహ్నాన్ని మొదటినుంచీ తలచుకుంది. రీలు కొస, ఫోను, అడుగుమూత, కోటు. గుండీ తిరిగిందో లేదో చూసిన గుర్తు ఎక్కడా లేదు.

"రీలు ఇంకా అయిపోలేదండీ," అంది రోస్విత.

ఇంట్లో కెమెరాను అక్క కుర్చీలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆ గుండీని వెనక్కి అర చుట్టు తిప్పితే చాలు. వేలికి బరువు తగిలితే లోపల అక్క ఉన్నట్టు, తన రెండు పక్కలతోనూ. తగలకపోతే ఇంట్లో మిగిలేది ఆ కత్తిరించిన ఖాళీ ఒక్కటే. లేచి రెండు వేళ్ళతో గుండీని పట్టుకుంది. వదిలేసింది. చీకటి పడే ముందు ఇంకోసారి పట్టుకుని, వదిలేసింది.

ఆ రాత్రీ, తర్వాతి రాత్రుళ్ళూ కెమెరా అక్క కుర్చీలోనే ఉంది, ఎడమవైపు గుండీ మీద పలచగా దుమ్ము పడుతూ.