నల్లగుడ్డ కింద

ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా పనిచేసి తొంభై మూడులో రిటైరైన గోపాలం, పక్క ఊరు దుర్గ్‌లో మూతపడిన ఓ స్టూడియో నుంచి మడతపెట్టే పాత ప్లేటు కెమెరా కొని, సెక్టర్ ఆరులోని క్వార్టరుకు తెచ్చుకున్నాడు. చిల్లులు పడ్డ తోలు తిత్తి మార్చి, లెన్సుకు పట్టిన బూజు తుడిచాడు. షట్టరు విప్పితే మాత్రం ఒక సంగతి అంతుపట్టలేదు. చిటికెలో మూసే చక్రాలన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఎక్కువసేపు తెరిచి ఉంచే మీట ఒక్కటే అరిగి నున్నబడింది.

మర్నాడు వెళ్లి అమ్మినవాణ్ణి అడిగాడు.

"మా నాన్న దీంతో శవాలకే ఫొటోలు తీసేవోడు భయ్యా. అవి కదలవు కదా, ఎంతసేపైనా తెరిచి ఉంచొచ్చు."

ఆ మాట గోపాలం ఇంట్లో చెప్పలేదు. సాయంత్రం పెరట్లో కుర్చీ వేసి భార్య అప్పయమ్మను కూర్చోబెట్టాడు.

"నాను సెప్పేదాకా కదలకు."

"ఏటి, ఊపిరి కూడా తియ్యకూడదేటి?" అని నవ్విందామె.

అతను నల్లగుడ్డ కప్పుకుని గాజు పలకలోకి చూశాడు. పెరడంతా తలకిందులుగా ఉంది, అప్పయమ్మతో సహా. దండెం మీద చీర ఊగుతోంది. ఆమె ఒళ్లో చెయ్యైనా కదలడం లేదు.

"ఇంక సాల్లే, లెగు," అన్నాడు.

చీర ఊగుతూనే ఉంది.

"అప్పయమ్మా."

గుడ్డలోంచి తల బయటకు తీయడానికి గోపాలానికి ధైర్యం చాల్లేదు.